నాలుగు పలకల తీగ

కాలం ఎన్ని సింహాసనాలను నిలబెట్టి ఎన్నిటిని కూలదోసిందో, ఏ సింహాసనం మీద ఏ రాజు ఎన్నాళ్లు కూర్చున్నాడో చెప్పడానికి శాసనాలున్నాయి, కావ్యాలున్నాయి, వంశావళులున్నాయి గాని, యుగాలెన్ని మారినా అలసి కూర్చోక తప్పని సామాన్యుల కోసం, కూర్చుంటే కాస్త కుంగి లేస్తే మళ్లీ బిగుసుకునే ఆసనాలను పేము బద్దలతో అల్లిన చేతుల గురించి చెప్పడానికి ఏ రాతిమీదా ఒక్క అక్షరమైనా చెక్కి లేదు కనుక, అటువంటి చేతుల్లో ఒక జత గురించి, ఆ చేతులు సాధించిన ఒక గెలుపు గురించి ఈ నాలుగు మాటలు.

ఆమెను వీధివాళ్లంతా అల్లికమ్మ అంటారు. భర్త వడ్రంగి, ఆయన్ని అందరూ మేస్త్రీ అంటారు. కుర్చీకి ఆయన ఎముకలు పెడితే ఈమె చర్మం కప్పుతుంది. పేమును సన్నని బద్దలుగా చీల్చి, నీళ్ల తొట్టెలో నానబెట్టి, మెత్తబడ్డాక చట్రం రంధ్రాల గుండా నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా లాగి బిగించాలి. తడి ఆరేలోగా అల్లిక ముగియాలి; ఎండిన బద్ద పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందువల్ల ఈ పనికి నీడ కావాలి, చీకటి పనికిరాదు. గాలి కావాలి, వడగాలి పనికిరాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి చాలా ఏళ్లు ఆమెకు దొరికింది దుకాణం వెనక రేకుల గది. అందులో చీకటీ ఉంది, వేడీ ఉంది. సాయంత్రమయ్యేసరికి కళ్లు మసకబారి, వేలికొసలతో రంధ్రాలు తడుముకుంటూ పని ముగించేది.

ఆ కష్టం తీరడానికి కారణం ఒక పాడుపడ్డ కుర్చీ. ఎవరి వరండాలోనో ఎండకు ఎండి వానకు తడిసి ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని ఒకాయన బాగుచేయమని తెచ్చి పడేసి వెళ్లాడు. దాని అల్లిక చిరిగిన చోట ఏదో తీగ దూరి, నులితీగలతో ఒక్కొక్క రంధ్రాన్నే పట్టుకుని, మనిషి చేసిన అల్లిక పోయినచోట తన అల్లిక మొదలుపెట్టింది. దాన్ని తెంపితేగాని కుర్చీ బాగుపడదు. ఆమె తెంపింది గాని, పారేయబుద్ధి కాలేదు. పచ్చిగా ఉన్న కణుపు ముక్క ఒకటి ఎంచి, నీళ్ల తొట్టె పక్కన ఎప్పుడూ చెమ్మగా ఉండే నేలలో గుచ్చింది.

"చెత్తని తీసుకెళ్లి నెత్తిన పెట్టుకుంటున్నావేమిటి అమ్మాయ్?" అంది అత్తగారు.

"అల్లిక పని తెలిసిన తీగండీ అత్తయ్యా. గెంటేస్తే పాపం తగులుతుంది."

ఆ ముక్క వేరూనింది. సృష్టికర్త సంకల్పం ముందు తొట్టెపక్క మట్టీ ఒకటే, నందనవనమూ ఒకటే. పెరుగుతున్న కాండాన్ని వేళ్లతో తడిమి చూసి మొదట ఆశ్చర్యపోయింది మేస్త్రీయే. మిగతా తీగల్లా అది గుండ్రంగా లేదు. చిత్రిక పట్టినట్టు నాలుగు పలకలుగా ఉంది. పలకల అంచుల వెంట కాగితమంత పల్చని రెక్క ఒకటి మొదలునుంచి చివరిదాకా సాగింది. "దీన్ని చేసినవాడెవడో మా కులవృత్తివాడే," అన్నాడు మురిసిపోయి. కృష్ణకమలమని తోటలవాళ్లు పిలిచే తీగల వంశంలోనే, అన్నిటికన్నా పెద్ద కాయ కాసే జాతి అది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు నాలుగు పలకల తీగ.

అల్లికమ్మకు కాండం కన్నా నులితీగల మీద మక్కువ. ఆకు పుట్టే చోటునుంచి ఒక నులితీగ బయలుదేరి, గుడ్డివాడి చేతికర్రలా గాలిలో నెమ్మదిగా తిరుగుతూ ఆధారం వెతుక్కునేది. వాసమో తాడో తగిలితే చాలు, కొసతో చుట్టేసుకునేది. ఆ తరువాత నడుమ భాగం స్ప్రింగులా మెలిపడేది: సగందాకా ఒక వైపు, అక్కడినుంచి రెండోవైపు. గాలి గట్టిగా వీస్తే సాగేది గాని తెగేది కాదు. "నేను ఇన్నేళ్లనుంచి బిగించడమే నేర్చుకున్నాను. ఇది వదులు కూడా నేర్చుకుంది," అనేది.

వాసాలు పాతి, పేము తాళ్లు కట్టి ఆమె దానికి పందిరి వేసింది. మొదట గుండె ఆకారంలో వెడల్పై కొస తేలిన పెద్ద ఆకులు పెరడంతా కప్పేశాయి. వెలుతురు వాటి గుండా పచ్చగా వడగట్టినట్టు కిందికి దిగేది. ఆమె పీట, సూది, తొట్టె అన్నీ పందిరి కిందికి వచ్చాయి. రేకుల గదికి తాళం పడింది. బద్దలు తడి ఆరకుండా నిలిచాయి, కళ్ల మసక తగ్గింది, అల్లికలో ఎప్పుడూ లేని నేర్పు వచ్చింది.

రెండో ఏడు తీగ పూసింది. ఆ పువ్వును వర్ణించాలంటే కావ్యభాష కూడా కాస్త తడబడుతుంది. అరచేయంత పువ్వు, తలవంచుకుని వేలాడేది. లోపల ఎరుపు కలిసిన రేకులు. వాటి మధ్యనుంచి ఊదా, తెలుపు చారలున్న కేసరాలు వలయంగా లేచి, అలల్లా వంకర్లు తిరిగేవి. నడిమధ్య ఒక స్తంభం, దానికి గొడుగు ఊచల్లా ఐదు పుప్పొడి తిత్తులు, వాటిపైన పుప్పొడి అందుకునే మూడు కీలాగ్రాలు. ఉదయం విచ్చుకునేది, పెరడంతా పరిమళం నింపేది, సాయంత్రానికి ముడుచుకునేది. మర్నాటికి కాడతో సహా రాలేది. ఒక్కటీ కాయగా మారలేదు.

గొడవ అక్కడే మొదలైంది. ఆకు కాడల మీద చిన్న చిన్న తేనెగ్రంథులుంటాయి. తీగ తన కాపలా కోసం చీమలకిచ్చే కూలి అది. ఆ చీమలు పందిరినుంచి దిగి, పక్కనే ఆరబెట్టిన బల్లల మీద తడి పాలిష్‌లో నడిచేవి. దుకాణంలో పాలిష్ పని చేసే అతన్ని అందరూ మెరుపు అంటారు; చేయి మెరుపు కాదు, మాట మెరుపు.

"వదినా, ఈ బల్ల చూశావా? చీమలు వరసగా నడిచి లక్కలో ఇరుక్కుపోయాయి. కొనేవాళ్లు నగిషీ అనుకుంటారేమో," అన్నాడు.

"అనుకుంటే మంచిదేగా. పనితనం నీదేనని చెప్పుకో."

మేస్త్రీ నవ్వలేదు. ఆయన మనసులో చాలాకాలంగా ఒక యంత్రపు రంపం తిరుగుతోంది. దాన్ని పెట్టడానికి షెడ్డు కావాలి. షెడ్డుకు పెరడు కావాలి. "పూయడం, రాలడం. దీనికి ఇంకో పని లేదు. దీని చీమలకి నా బల్లలు, దీని నీడకి నా స్థలం. పందిరి తీసేస్తున్నాను," అన్నాడు.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?"

"ఇన్నాళ్లు ఎక్కడ కూర్చున్నావు? రేకుల గది ఎక్కడికీ పోలేదుగా."

ఆమె అల్లికను గట్టిగా లాగింది. చేతిలోని బద్ద పుటుక్కున తెగింది. తడిగా ఉన్న బద్ద ఆమె చేతిలో తెగడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. అత్తగారు చూసింది. ఆవిడకు కుర్చీ దిగడం తక్కువ, గమనింపు ఎక్కువ.

"ఒరేయ్, చెట్టు పుట్టాక దానికీ ఒక అవకాశం ఇవ్వాలి. ఈ వానలు వెళ్లేలోగా ఒక్క కాయ నిలిచి పండితే పందిరి. నిలవకపోతే షెడ్డు. అమ్మాయ్, నీకు సరేనా?"

"సరేనత్తయ్యా."

"నాకూ సరే," అన్నాడు మేస్త్రీ, గెలిచినవాడిలా.

"ఆ తీగ కాయ కాసిందంటే, దానికి పాలిష్ పెట్టేది నేనే. అద్దంలా," అన్నాడు మెరుపు.

ఇక్కడ తుమ్మెదల సంగతి చెప్పాలి. కావ్యాలలో తుమ్మెదకు ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. నాయిక కురులకు అదే ఉపమానం, కమలానికి అదే అతిథి, భగవంతుని పాదపద్మాలను విడవని భక్తుని మనసుకు అదే పోలిక. ఆ తుమ్మెదకే మేస్త్రీ దుకాణంలో దొంగ అని పేరు. నల్లగా, బొటనవేలంత లావున, రెక్కలు నీలంగా మెరుస్తూ వచ్చి, ఎండు దూలంలో బరమాతో తొలిచినట్టు గుండ్రని కన్నం చేసి అందులో కాపురం పెడుతుంది. ఏ కొనుగోలుదారైనా తలెత్తి దూలంలో కన్నాలు చూస్తే, కింద అమ్మే తలుపుల మీద నమ్మకం పోదా? అందుకని మేస్త్రీ ఏటా చిత్రిక పొట్టు రాజేసి పొగపెట్టేవాడు, కన్నాలన్నిటికీ లప్పం పూసేవాడు. కింది ఏడునుంచి ఆ పని మరీ శ్రద్ధగా చేశాడు. దుకాణంలో ఝంకారం వినబడటం మానేసింది. అందరికీ గర్వంగా చూపించేవాడు: "ఒక్క కన్నం చూపించండి, పని మానేస్తాను."

తీగ మళ్లీ మొగ్గ తొడిగింది. అల్లికమ్మ పీటను ఒక పువ్వు కిందికి జరుపుకుని, చేతులు అల్లుతుంటే కళ్లను పువ్వుకు అప్పగించింది. చిన్న తేనెటీగలు వచ్చేవి. తిత్తుల మీద వాలి, కాళ్లనిండా పుప్పొడి మూటగట్టుకుని వెళ్లిపోయేవి. కీలాగ్రాలను ఒక్కటీ తాకేది కాదు. వాటి ఒళ్లు అంత ఎత్తు అందదు. గాలి వీచినా పుప్పొడి కదిలేది కాదు. అది పిండిలా ఎగిరేది కాదు, జిగురుగా, బరువుగా ఉన్నచోటే ఉండేది. ఇంకొక విషయం కూడా ఆమె పట్టుకుంది. పువ్వు విచ్చుకున్నప్పుడు మూడు కీలాలూ తిత్తులకు దూరంగా నిక్కి ఉంటాయి. కొంతసేపయ్యాక ఒక్కొక్కటే వంగి తిత్తుల సరసకు వస్తాయి. ఎవరికోసమో తలుపు తీసి పెట్టినట్టు. వచ్చేవాళ్లు మాత్రం లేరు.

"ఎవరూ రాకపోతే మనమే అందించాలి," అని మెరుపును కుంచె అడిగింది.

"నా కుంచె తగిలితే ఏదైనా మెరవాల్సిందే వదినా," అని అతను తన మెత్తని కుంచె ఇచ్చాడు.

ఆమె శ్రద్ధగా పుప్పొడి అద్ది, కీలాగ్రాలకు పూసింది. మధ్యాహ్నానికి చూస్తే అవి గోధుమరంగు తిరిగి, నిగనిగలాడుతున్నాయి. ఆ వెంటనే పువ్వులన్నీ రాలాయి. కుంచె వెంట్రుకల్లో లక్క, స్పిరిట్ ఎన్నేళ్లనుంచి ఇంకి ఉన్నాయో.

"మెరిసిందా?" అన్నాడు మెరుపు.

"మెరిసింది. చచ్చి మెరిసింది."

మేస్త్రీ ఆ రోజే పెరడు కొలవడానికి టేపు తీశాడు.

తరువాత ఒక ఉదయం ప్రహరీ అవతలినుంచి ఒకే ఒక తుమ్మెద వచ్చింది. నేరుగా పువ్వులోకి దూరి, కేసరాల వలయం కింద దాగిన తేనెకోసం తల వంచింది. దాని వీపు వెడల్పు సరిగ్గా ఆ గొడుగు కింద పట్టేంత. తిత్తులు వీపుకు రాసుకున్నాయి. బయటికి వచ్చేసరికి నల్లని వీపు మీద పచ్చని శాలువా కప్పినట్టుంది. అల్లికమ్మ సూది గాలిలో ఆగిపోయింది. ఆ తుమ్మెద ఇంకో పువ్వుకు వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఝంకారం విన్న మేస్త్రీ పొగకుండతో పరుగెత్తుకొచ్చాడు. అది దుకాణంలోకి దూరి, లప్పం పూసిన పాత కన్నం ముందు రెండు మూడు చుట్లు తిరిగి, చోటు దొరక్క గోడ దాటి పోయింది.

ఆమె ఒకసారి పువ్వును చూసింది, ఒకసారి దూలాన్ని చూసింది.

"ఏమండీ, మీరు మూసింది దూలం కన్నాలు కాదు. నా తీగ కడుపు."

"ఏమిటే, అర్థంకాకుండా మాట్లాడకు."

"అర్థమయ్యేట్టే చెప్తాను. ఆ పువ్వుకి తాళంచెవి ఆ తుమ్మెద. మీరు దాన్ని తోలేసి, తలుపు తెరుచుకోవడంలేదని పువ్వుని తిడుతున్నారు."

మేస్త్రీ పొగకుండ కింద పెట్టాడు. ఆయన మొండివాడే గాని, వస్తువుకు వస్తువు ఎలా కుదురుతుందో ఎరిగినవాడు. కర్ర కొసన తీర్చిన కుసి గూటిలో ఎలా కూర్చోవాలో జీవితమంతా చూసినవాడికి, తుమ్మెద వీపు ఆ పువ్వులో ఎలా కూర్చుందో చెబితే అర్థంకాకపోదు. అయినా పందెం పందెమే.

"అయితే ఏం చెయ్యమంటావు? వెళ్లి తుమ్మెదని బతిమాలనా?"

"అక్కర్లేదు. అది వచ్చేదాకా దాని పని నేను చేస్తాను. మీరు పొగ పెట్టకుండా ఉంటే చాలు."

"కోడలు తుమ్మెద అవుతుందట. ఒరేయ్, నువ్వు కన్నం మూయకు," అంది అత్తగారు కుర్చీలోంచి.

అల్లికమ్మ ఒక పేము బద్ద కొసను కొయ్యసుత్తితో కొట్టి కొట్టి, నారలు విడిపోయేదాకా మెత్తబరిచింది. దూదికన్నా కాస్త గరుకు, కుంచెకన్నా శుభ్రం. అలవాటుకొద్దీ ఆ కొసను తొట్టెలో ముంచబోయి చేయి వెనక్కి తీసుకుంది. వానకు తడిసిన పువ్వుల్లో పుప్పొడి ముద్దకట్టి పాడవడం ఆమె చూసింది. తడి లేనిదే పేమును తాకకూడదన్నది తల్లి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఆమె ఆ ఉదయం పక్కన పెట్టింది. చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని, పొడి పేముతో పనిచేసింది. ఒక పువ్వు పుప్పొడి తీసుకుని, ఇంకో పువ్వులో మూడు కీలాలూ వంగేదాకా ఓపికపట్టి, తుమ్మెద వీపు తాకేంత తేలిగ్గా తాకించింది. పెదవులు కదులుతూ ఏదో స్తోత్రం చదువుకుంటున్నట్టుండేవి. ఏం చదువుతున్నావని అత్తగారు అడిగితే, "ఏం లేదత్తయ్యా, ఝుమ్మంటున్నాను," అంది.

పువ్వులు రాలుతూనే వచ్చాయి. కొన్నిటికి అడుగున గింజంత ఉబ్బు కనిపించి, ఆశపెట్టి, గాలివానకు తెగిపడ్డాయి. ఆమె మాట తగ్గింది. మెరుపు వెటకారం కూడా తగ్గింది. అదీ ఆమెను భయపెట్టింది. ఒక మధ్యాహ్నం వాన వెలిశాక కుర్చీలో వెనక్కి వాలి పైకి చూస్తున్న అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్, ఆ మూల ఆకు వెనక ఉన్నది కాయా, నా కంట్లో పొరా?"

అల్లికమ్మ ఆకు ఎత్తింది. కోడిగుడ్డంత కాయ, నునుపుగా, లేతాకుపచ్చగా, మూడు పచ్చని పత్రకాలు కాడ దగ్గర ఇంకా అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆమె దాన్ని తాకలేదు. అత్తగారి పాదాలు తాకి వచ్చి పీటమీద కూర్చుని, చాలాసేపు ఏ పనీ చేయలేదు.

కాయ పెరగడం చూడటమే ఇంటిల్లిపాదికీ కాలక్షేపమైంది. గుడ్డు కాస్తా దోసకాయ అయింది, దోసకాయ కాస్తా ఖర్బూజాను మించింది. ఎవరూ లేనప్పుడు మేస్త్రీ టేపుతో కాయను కొలుస్తున్నాడని మెరుపు కనిపెట్టాడు.

"అన్నా, షెడ్డు కొలత పైనుంచి తీస్తున్నావేమిటి?"

"నోరు మూసుకుని నీ పని చూసుకో."

కాని కాయ బరువుకు కాడ సాగింది. నులితీగలు స్ప్రింగు చుట్లన్నీ విప్పుకుని బిర్రుగా నిలిచాయి. వానకాలం చివరి గాలులు ఇంకా మిగిలే ఉన్నాయి. కాయ తెగితే తీగకు గడువు తీరినట్టే; ఆమెకు రేకుల గది తప్పనట్టే. ఒక సాయంత్రం మేస్త్రీ దుకాణం కట్టేసే వేళకు బయటికి వచ్చాడు. చేతిలో ఒక కొత్త చట్రం ఉంది. మంచి కర్ర, నాలుగు పలకల కాళ్లు, అంచు చుట్టూ రంధ్రాలు.

"దీనికి అల్లిక వెయ్యి," అన్నాడు.

"ఎవరు కూర్చోడానికండీ? చిన్నదిగా ఉందే."

"ఎవరేమిటి, నీ కాయ. ఆ కాడ ఇంత బరువు మోయలేదు. కింద నీళ్లు నిలవకూడదు, అల్లిక అయితే జారిపోతాయి."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "కాయ పండితే మీరు ఓడిపోతారు, తెలుసుగా?"

"తెలుసు. మేస్త్రీ ఇంట్లో కాయ కుర్చీ లేక కింద పడిందంటే మాత్రం తలెత్తుకోలేను."

ఆమె ఆ రాత్రికి బద్దలు నానబెట్టింది. తెల్లవారి అల్లింది. ఎంతోమంది పెద్దమనుషుల కోసం అల్లిన చేతులు అంతకన్నా అందంగా ఎవరికోసమూ అల్లలేదు. చట్రాన్ని వాసాలకు వేలాడదీసి కాయను అందులో కూర్చోబెట్టారు. గాలులు వచ్చాయి, పందిరి ఊగింది, తీగ ఊగింది, కుర్చీ ఊగింది, కాయ మహారాజులా కూర్చునే ఉంది.

వానలు వెళ్లే ముఖం పట్టాయి. ఆకాశం కడిగినట్టుంది. కాయ లేత పసుపు తిరిగి, దగ్గరికి వెళ్తే కమ్మని వాసన కొట్టసాగింది. కోసే రోజున మెరుపు మెత్తని పొడిగుడ్డ పట్టుకుని ముందే వచ్చి కూర్చున్నాడు. లక్క లేదు, స్పిరిట్ లేదు. ఒట్టి గుడ్డతో ఆ కాయను తిప్పి తిప్పి తుడిచి, పందిరి సందులు అందులో కనిపించేలా చేశాడు.

"మాట నిలబెట్టుకున్నానా వదినా?"

"నిలబెట్టుకున్నావు. చీమల్ని కూడా ఒక వరస అంటిస్తే నగిషీ పూర్తవుతుంది."

మొదటి ముక్క అత్తగారికి. మందమైన తెల్లని కండ, లోపలి బోలులో గింజల చుట్టూ పులుపూ తీపీ కలిసిన రసం. ఆవిడ కళ్లు మూసుకుని తిని, కొడుకు వైపు తిరిగింది. "చెప్పరా. తీర్పు నువ్వే చెప్పు."

మేస్త్రీ లేచి, రేకుల గది తాళం తీసి, తలుపులు బార్లా తెరిచాడు. "యంత్రం ఇందులో పెడతాను. దానికి కళ్లు లేవు, చీకటైనా ఫరవాలేదు. పందిరి జోలికి ఎవరూ రాకండి." తరువాత కొట్టులోంచి పుచ్చిన పాత దూలం ముక్క ఒకటి భుజాన వేసుకొచ్చి, పందిరి చివర ఎండపొడలో వేలాడదీశాడు.

"ఇది ఎందుకండీ?"

"నీ చుట్టాలకి. ఇక్కడ ఎన్ని కన్నాలైనా పెట్టుకోమను. నా దూలాల జోలికి రావద్దని నువ్వే చెప్పు, నీ మాట వింటాయి."

మరుసటి పూతకు ఆ దూలంలో గుండ్రని కన్నాలు వెలిశాయి. పందిరి కింద ఝంకారం తిరిగి వచ్చింది. మేస్త్రీ చేసిన చిన్న చిన్న కుర్చీలు ఇప్పుడు ఆ పందిరికి ఎన్నో వేలాడుతున్నాయి, ఏదీ ఖాళీగా లేదు. వాటి కింద, పచ్చని వెలుతురులో, కళ్లు చికిలించకుండా అల్లికమ్మ అల్లుతోంది.

తీగకు నులితీగను, తుమ్మెదకు వెడల్పైన వీపును, మనిషికి ఓపికను ఇచ్చిన ఆ కరుణామయుడు ఆమె చూపును చివరిదాకా నిర్మలంగా ఉంచుగాక. ఆమె వేళ్లు బిగువును, వదులును రెండింటినీ మరవకుండుగాక. ఆ ఇంటి దూలాలు దృఢంగా, ఆ పందిరి నిండుగా, అత్తగారి కుర్చీ ఎన్నడూ ఖాళీ కాకుండా ఉండుగాక. ఆ దంపతుల మాటల్లో వేళాకోళం తరగక, ఆ గడప తొక్కిన అలసినవారందరికీ కూర్చోవడానికి చోటు, తినడానికి ఒక ముక్క ఎల్లప్పుడూ దొరుకుగాక.